వరిచేల వెంట మేం వేసుకున్న దారి

పోయిన ఆదివారం మధ్యాహ్నం బెల్లు మోగితే తలుపు తీశాను. మా వెనక వీధిలో కొత్తగా చేరిన జంట, చేతిలో వేడివేడి బజ్జీల డబ్బాతో నిలబడి ఉన్నారు. ఆ అబ్బాయి ఇక్కడే జర్మనీలో ఆకెన్‌లో చదువుకున్నాడు, ఆ అమ్మాయి హానోవర్‌లో; ఇప్పుడిద్దరూ ఇక్కడ జిండెల్ఫింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నారు, పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. ఈ వేసవిలో ఒక వోన్‌మొబిల్, అంటే లోపలే మంచమూ పొయ్యీ నీళ్ళపంపూ ఉండే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని దక్షిణ యూరప్ అంతా నిదానంగా తిరిగి రావాలని వాళ్ళ సరదా. ఆ దారుల గురించి మా ఆయనకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని ఉగాది నాడు తెలుగువాళ్ళమంతా కలుసుకున్నప్పుడు ఆయన నోటే విన్నారట.

“అంకుల్ ఆ దినం మస్తు చెప్పిన్రు ఆంటీ, మాకు సగమే యాదికున్నది. ఇయ్యాల మంచిగ కూసొని అంతా రాస్కుందమని వచ్చినం,” అంది ఆ అమ్మాయి చెప్పులు విప్పుతూనే.

కాఫీ పెట్టి ఇచ్చాను. మా ఆయన కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని, పొద్దున తిన్నది ఉప్మానో దోసెనో చెప్పలేని మనిషి, పోర్చుగల్‌లో సముద్రం పక్కన ఏ రోడ్డు చివర ఏ చెట్ల నీడలో బండి నిలుపుకోవాలో తడుముకోకుండా చెప్పుకుంటూ పోయారు. ఒక్క ఊరి పేరు తప్పలేదు. కొంగలు కరెంటు స్తంభాల మీద గూళ్ళు కట్టుకుంటాయన్నారు, స్పెయిన్‌లో నదీముఖం దగ్గర చేలల్లో నీళ్ళు పెట్టినప్పుడు సాయంత్రపు ఎండ కళ్ళలో కొడుతుందన్నారు. పిల్లలిద్దరూ ఫోన్లలో టకటకా రాసుకుంటున్నారు. నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని వింటున్నాను. చెప్పొద్దూ, నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది, ఎందుకంటే ఆ ప్రయాణం మేం ఎప్పుడూ చెయ్యలేదు.

నా ఈడు వాళ్ళకు మేం చదువుకున్న రోజుల ఆకెన్ ఎలా ఉండేదో వివరంగా చెప్పక్కర్లేదు. ఇప్పటిలా బస్సెక్కితే నాలుగు వైపులా తెలుగు వినిపించే కాలం కాదది. ఒక్క మనవాళ్ళ ముఖం కనిపిస్తే మన స్టాపు కాకపోయినా దిగిపోయి, వెనక నుంచి పరిగెత్తి పలకరించే కాలం. అలా పలకరించిన మనిషే మా ఆయన. ఆయనది కరీంనగర్, నాది కోనసీమ. ఆయన నా మాట విని నవ్వేవారు, నేను ఆయన వంకాయ కూర తిని ఏడ్చేదాన్ని, అంత కారం. ఆకెన్ హాలండ్ సరిహద్దు పక్కనే కదా, ఈస్టర్ సెలవులొస్తే చాలు ఆ దేశపు బళ్ళన్నీ, వెనక ఇళ్ళు తగిలించుకున్నవి కొన్ని, బండే ఇల్లయినవి కొన్ని, మా ఊరి మీదుగా దక్షిణానికి బారులు తీరేవి. మేం సైకిళ్ళు తొక్కుకుంటూ ఆటోబాన్ మీద వంతెన దగ్గరకు వెళ్ళి, కమ్మీలకు ఆనుకుని, కింద పోయే బళ్ళను చూస్తూ నిలబడేవాళ్ళం. సినిమాకు వెళ్ళడానికి చేతిలో డబ్బుల్లేని ప్రేమికులకు అదే సినిమా. ఒకసారి ఒక బండి కిటికీలో ముసలామె ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతూ కనిపించింది. బండి నడుస్తుంటే లోపల వంట! “మనం గిట్లనే పోదం,” అన్నారు మా ఆయన. పెళ్ళి గురించి ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

పెళ్ళయింది, చదువులయ్యాయి, ఆయనకు ఇక్కడ ఫ్యాక్టరీలో ప్లానింగ్ విభాగంలో ఉద్యోగం వచ్చింది, నాకు దగ్గర్లోనే ఇంకో కంపెనీ ఆఫీసులో. రెండు గదుల ఇల్లు, బయట మంచు, చీకటి పడితే చెయ్యడానికి ఏమీ లేని శీతాకాలాలు. పాత సామాన్ల సంతలో దొరికిన పెద్ద యూరప్ అట్లాసు నేల మీద పరిచి, చెరోవైపు బోర్లా పడుకుని, వేలితో దారులు గీసుకుంటూ ఉండేవాళ్ళం. కారు ఏ రోజు బయటికి రావాలో ముందు అనుకుని, దాన్ని పట్టి వెనక్కి వెనక్కి లెక్కవేసి, ఏ భాగం ఎప్పుడు అందాలో తేల్చడం ఆయన ఉద్యోగం. అందుకని మా ప్రయాణాన్ని కూడా ఆయన మా గుమ్మం దగ్గర మొదలుపెట్టేవారు కాదు. పోర్చుగల్ చివర సముద్రం దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, ఆల్ప్స్ పర్వతాలు, బోడెన్‌సే సరస్సు, అలా వెనక్కి వెనక్కి నడిచి మా వీధికి వచ్చేవారు. ఇల్లు వచ్చేసరికి నాకు నిద్రొచ్చేది.

ఆ దారి ఎంత చిత్రమైన దారో ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. ఎవరైనా దక్షిణ యూరప్‌కు వెళ్తే చర్చిలు, కోటలు, మ్యూజియంలు చూస్తారు. మా ఆయన వరిచేలు చూడాలన్నారు. నేను కోనసీమ పిల్లనని, ఈ దేశంలో గోధుమ చేలు, బీట్‌రూట్ చేలు చూసి చూసి నా కళ్ళు బీడుపడ్డాయని ఆయన బాధ. ఆఫీసు లైబ్రరీలో వెతికి, ఇటలీలో పో నది మైదానంలో వరి పండుతుందని కనిపెట్టారు. తర్వాత ఫ్రాన్స్‌లో రోన్ నది సముద్రంలో కలిసేచోట. ఆ తర్వాత స్పెయిన్‌లో ఎబ్రో నదీముఖం, వలెన్సియా పక్కన మడుగులు. చివరకు పోర్చుగల్‌లో సాదో నది ఒడ్డు. మే నెలలో బయల్దేరితే అన్నిచోట్లా నీళ్ళు పెట్టి ఉంటాయి. ఒక వరిచేను నుంచి ఇంకో వరిచేనుకు, అదీ మా దారి.

ఇక ఎంత నిదానంగా వెళ్ళాలన్నది పెరుగు తేల్చింది. నవ్వకండి, మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇదే గొడవ. ఇక్కడ దుకాణాల్లో దొరికే యోగుర్ట్ ఆయన నోటికి సయించదు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగన్నం లేనిదే భోజనం ముగియదు. నడిచే బండిలో కుదుపులకు పెరుగు తోడుకోదు కదా. అందుకని చీకటి పడకముందే ఎక్కడో ఒకచోట ఆగాలి, పాలు కాచి, గోరువెచ్చగా చేసి, తోడు వేసి, గిన్నెకు నా పాత శాలువా చుట్టి కదపకుండా పెట్టాలి, పొద్దున అది గట్టిపడ్డాకే ఇంజన్ తిప్పాలి. రోజుకు ఎంత దూరం పోవచ్చో ఆయన దీన్ని బట్టే లెక్కగట్టేవారు. కొన్నేళ్ళ తర్వాత మా కింది అంతస్తులో ఒక పెద్దాయన చేరాడు, ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో పనిచేసి రిటైరైనవాడు, ప్రతి చలికాలమూ తన వోన్‌మొబిల్ వేసుకుని స్పెయిన్ పోయేవాడు. ఈ పెరుగు సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, జర్మన్లకు కూడా రాని ప్లానింగ్ ఇదని మెచ్చుకున్నాడు.

మరి ఎందుకు వెళ్ళలేదంటారా? అదే నాకు ఒళ్ళు మండే విషయం. ఇక్కడ ఉర్లౌబ్, అంటే సెలవు, ఎప్పుడు కావాలో ఏడాది మొదట్లోనే ఆఫీసులో చెప్పాలి. మేం ప్రతి ఏడాదీ మే నెల చెప్పేవాళ్ళం. చెప్పిన పక్షంలోపే ఊరి నుంచి ఫోను వచ్చేది. మా ఆడపడుచు పెళ్ళి. మా పిన్ని కొడుకు గృహప్రవేశం. మరిది కొడుక్కి పుట్టువెంట్రుకలు. వెళ్ళకపోతే ఊరుకుంటారా, జర్మనీ వెళ్ళి కొమ్ములొచ్చాయంటారు, ఆ మాట మనం చచ్చేదాకా పెళ్ళిపందిళ్ళలో తిరుగుతుంది. సెలవు మే నుంచి ఆగస్టుకు మారేది, బండి దారి విమానం దారయ్యేది, సూట్‌కేసుల నిండా చాక్లెట్లూ సబ్బులూ సర్దుకుని, మేం ఇంకో వేసవి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చెమటలు కక్కుతూ దిగేవాళ్ళం. తర్వాత మా అమ్మాయి పుట్టింది. పసిపిల్లల బడి కీటా అన్నాం, స్కూలన్నాం, బడి చివరి ఆబిటూర్ పరీక్షలన్నాం. యూరప్ నడిబొడ్డున ఇన్నేళ్ళు బతికి, ఆల్ప్స్ పర్వతాలను విమానం కిటికీలోంచి చూసినవాళ్ళం మేం. ఆ పెళ్ళిళ్ళలో మాతో ఫొటోలు దిగినవాళ్ళలో సగంమంది ఇప్పుడు ఫోను చేసి ఆయన ఎలా ఉన్నారని కూడా అడగరు.

“రిటైరైనంక ఎవడు ఆపుతడు మనల్ని?” అనేవారు ఆయన, సెలవు చేజారిన ప్రతిసారీ. శీతాకాలం రాగానే అట్లాసు మళ్ళీ నేల మీదకు వచ్చేది. నిజం చెప్పాలంటే మా కాపురంలో మేమిద్దరం బాగా సంతోషంగా ఉన్నది ఆ నేల మీదే.

మా ఆయన రిటైరవడానికి కొంచెం ముందు కింది అంతస్తు పెద్దాయన కళ్ళు మసకలై డ్రైవింగ్ మానేసి, తన బండిని మాకే అమ్మాడు. మా ఆయన దాన్ని రోజూ తుడిచేవారు. ఒకరోజు గ్యాసు సిలిండర్ పెట్టే అర తెరవబోయి, తాళంచెవి చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయారు. తర్వాత రొట్టెల దుకాణం నుంచి ఇంటికి దారి అడుగుతూ వచ్చారు. తర్వాత టెర్మిన్లు, అంటే డాక్టర్ల అపాయింట్మెంట్లు, పరీక్షలు, ఇంకా టెర్మిన్లు. డాక్టరమ్మ చాలా మెల్లగా, మంచిగా చెప్పింది, ఇక ఈయన బండి నడపకూడదని, జబ్బు ముందుకే పోతుంది గానీ వెనక్కి రాదని.

నాకు అప్పుడు పట్టుదల వచ్చింది. ఆయనకు నేనెవరో తెలిసి ఉండగానే, ఆ చేలు చూపిస్తే ఇవి చేలు అని అనగలిగి ఉండగానే తీసుకెళ్ళాలి. అంతకుమించి నాకింకేమీ వద్దు. చిన్న కారు తప్ప నడపని దాన్ని, ఆదివారాలు ఖాళీగా ఉండే సూపర్‌మార్కెట్ పార్కింగులో ఆ ఏనుగులాంటి బండిని వెనక్కీ ముందుకీ తిప్పి నేర్చుకున్నాను. మా అమ్మాయికి ఫోనులో చెబితే, “అమ్మా, దస్ గేట్ నిష్ట్,” అంటే అది కుదిరే పని కాదు అంది, ఇంకా ఏదేదో అంది, జర్మన్‌లోనే కోప్పడింది. నేను వినలేదు.

పోయిన ఏడాది మే నెలలో బయల్దేరాం. ఆయన పక్క సీట్లో కూర్చుని బోడెన్‌సే దాకా హాయిగా దారి చూసుకుంటూ వచ్చారు. సరస్సు పక్కన బండి నిలిపాను. పాలు కాచాను, తోడు వేశాను, శాలువా చుట్టాను. ఇన్నేళ్ళూ అట్లాసు మీద చేసిన పని చేతులతో చేస్తుంటే నాకు ఏడుపొచ్చింది, సంతోషం కొద్దీ. పొద్దు వాలేసరికి ఆయన ముఖం మారిపోయింది. ఇది ఎవరిల్లు, ఇంత ఇరుకేమిటి, ఈ మంచం ఎవరిది అని మొదలుపెట్టారు. అట్లాసు తెచ్చి చూపించాను, ఇదిగో ఇక్కడున్నాం, రేపు ఇక్కడికి అని వేలు పెట్టి చూపించాను. ఆ పుస్తకాన్ని ఆయన భయంగా చూశారు. తెల్లవారి లేచేసరికి బండి తలుపు తీసి ఉంది. ఆయన బట్టలన్నీ సంచిలో కుక్కుకుని, చుట్టుపక్కల బళ్ళవాళ్ళను ఒక్కొక్కరినీ బతిమాలుతున్నారు, మొదటి షిఫ్టుకు ఆలస్యమవుతోంది, ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపండి అని. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నారు. లోపల గిన్నెలో పెరుగు చక్కగా గట్టిపడి ఉంది. దాన్ని అలాగే సింకులో పారబోసి, బండి ఇంటి వైపు తిప్పాను. ఇంటికి వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. ఆ నెలలోనే బండి అమ్మేశాను.

ఆ తర్వాత కొన్ని వారాలకు మొదలైంది ఇది. ఒకరోజు భోంచేస్తూ, పోర్చుగల్‌లో ఆ కొంగలు యాదికున్నయా నీకు అన్నారు. నాకు చేతిలో ముద్ద జారిపోయింది. అక్కడి నుంచి రోజుకో ఊరు. మనం వెళ్ళలేదండీ, అట్లాసులో చూశాం అంతే అని మొదట్లో చెప్పాను. ఆయన చిన్నపిల్లాడిలా నొచ్చుకునేవారు, నువ్వు అన్నీ మర్చిపోతున్నవు, డాక్టరుకు చూపెట్టుకో అనేవారు. డాక్టరమ్మను అడిగితే, ఖాళీ అయినచోట మెదడు తన దగ్గరున్న దాన్నే తెచ్చి నింపుకుంటుందని, అది అబద్ధమాడటం కాదని, సరిదిద్దవద్దని చెప్పింది. ఆయన దగ్గరున్నదేమిటో నాకు తెలుసు. ఆయన తలలోంచి మా అమ్మాయి పెళ్ళి పోయింది, మా రెండు గదుల ఇల్లు పోయింది, ఆకెన్ పోయింది, మేం వెళ్ళని ప్రయాణం మాత్రం మిగిలింది. వినేవాళ్ళెవరూ పట్టుకోలేని గుర్తు ఒకటుంది దానికి. తిరిగొచ్చిన వాళ్ళు ఎవరైనా ఇల్లు వదిలిన దగ్గర మొదలుపెట్టి చెబుతారు. ఆయన పోర్చుగల్ సముద్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి చెబుతారు.

ఆదివారం నాడు కూడా అలాగే చెప్పారు. పిల్లలకు అది తమాషాగా తోచింది, ఉల్టా రూట్ అని నవ్వుకున్నారు. “ఆంటీ, మీకు అన్నిట్ల ఏది నచ్చింది? రాత్రి బండి నిలిపే ష్టెల్‌ప్లాట్స్‌లు ముందే బుక్ చెయ్యాల్నా?” అని అబ్బాయి నన్ను అడిగాడు. మా ఆయన కూడా నా జవాబు కోసం చూస్తున్నారు. ఎబ్రో దగ్గర చేలు బాగుంటాయి బాబూ అన్నాను, నీళ్ళు నిండితే ఆకాశమంతా కిందికి దిగినట్టుంటుంది అన్నాను. నిజానికి మా అమలాపురం చేల గురించే చెప్పాను నేను. గుమ్మం దగ్గర మాత్రం ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, అవన్నీ పాత సంగతులు తల్లీ, ఆ చోట్లు ఇప్పుడున్నాయో లేవో ఒక్కొక్కటీ చూసుకుని వెళ్ళండి అని మరీమరీ చెప్పి పంపాను.

వాళ్ళు వెళ్ళాక నేను కప్పులు తీస్తుంటే, ఆయన ఎంతో మర్యాదగా నా వైపు తిరిగారు. “కూసోండ్రి మేడం, పొద్దట్నుంచి నిలవడే ఉన్నరు,” అన్నారు.

మా పెళ్ళినాటి నుంచీ నేను ఆయన్ని మీరనే అన్నాను, ఆయన నన్ను మీరనడం ఇదే మొదలు. కప్పులు బల్ల మీద పెట్టి అక్కడే కూర్చున్నాను.

“మా ఆమె కోనసీమామె,” అన్నారు ఆయన, గొంతు తగ్గించి, ముద్దుగా. “పచ్చగ ఏడ కనవడ్తె ఆడ బండి ఆపుమంటది. గామె లేకుంటె నేను గంత దూరం పోయెటోన్నే కాదు.”

ఆవిడ ఇప్పుడెక్కడ ఉన్నారండీ అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“బండిల కూసున్నది, కిటికి పక్కన. చేన్లు చూస్తున్నది, పిలిస్తె రాదు.” నవ్వి, కొంచెం ముందుకు వంగి, పెద్దమనిషి సలహా చెప్పినట్టు చెప్పారు. “మీరు గూడ పొయ్యి రండ్రి మేడం. మీ సారుకు చెప్పుండ్రి, ఉర్లౌబ్ ఇప్పుడే పెట్టుమని. ఊర్లె పెండ్లి అంటరు, ఇల్లు అంటరు, ఇనొద్దు. రిటైరైనంక అని అసలే అనొద్దు.”

అలాగేనండీ, చెబుతాను అన్నాను.

ఆ పిల్లలిద్దరూ వచ్చే నెలలో వెళ్తున్నారు. అదే వారంలో ఆ అబ్బాయి మేనత్త కూతురి పెళ్ళి ఉందట నల్గొండలో, వీడియోలో చూసి అక్షింతలు వేస్తామని చెప్పేశారట, ఎవరూ ఏమీ అనుకోలేదట. కాలం అంత మారింది, మంచికే మారింది, వాళ్ళ సెలవు వాళ్ళదైంది. మాకు ఇంత చిన్న మాట చెప్పడం ఎందుకు చేతకాలేదో ఎంత ఆలోచించినా తెలియదు, తెలిసినా ఇప్పుడు దానితో చేసేదేమీ లేదు. ఆ రోజుల్లో నేల మీద బోర్లా పడుకుని దారి గీసుకున్న ఇద్దరిలో ఒకరు నిజంగానే వెళ్ళొచ్చారు, ఆయన పక్కన ఆయన భార్య కూడా ఉంది, నీళ్ళు నిండిన చేలన్నీ ఇద్దరూ కలిసి చూశారు. నేనొక్కదాన్నే ఇక్కడ ఉండిపోయాను.